రక్తం రిపోర్టుతో గోదావరి జిల్లాల్లో ఐదు రోజులు

మొన్న ఏప్రిల్‌లో మా అన్న సత్తిబాబూ నేనూ గోదావరి జిల్లాలకి వెళ్ళొచ్చాం. స్కూల్లో తోటి టీచర్లు పాపికొండలు చూశారా, పులస తిన్నారా అని అడిగారు. పాపికొండల వైపు పోలేదు. పులస వరదనీటితో వచ్చే చేప, ఎండాకాలంలో దొరకదు. మేం తిరిగింది నాన్న తరఫు చుట్టాల ఇళ్ళు. చేతిలో ఉన్నది అన్న రక్తం రిపోర్టు.

నాన్నది మండపేట దగ్గర పల్లె. పెళ్ళికి ముందే నిజామాబాద్ జిల్లాకి వచ్చి, బోధన్ దగ్గర కోస్తా రైతులుండే క్యాంపులో కౌలుకి పొలం చేశాడు. నలభై దాటాక ఆయనకి చెవులు పోయాయి. తర్వాత అరికాళ్ళలో మానని పుళ్ళు. ఆ తర్వాత మతిమరుపు. కొందరు షుగర్ అన్నారు, కొందరు తాగుడన్నారు. నాన్న తాగేవాడు కాదు. యాభై రెండో ఏట పోయాడు.

అన్నకి ఇప్పుడు నలభై మూడు. పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉంటాడు. మోటార్ల మెకానిక్. ముప్పై ఆరో ఏట వినికిడి తగ్గింది. ఒకరోజు వేడి సైలెన్సర్ మీద కాలు ఆనించి, మాడిన వాసన వచ్చాక కిందికి చూసుకున్నాడు. అప్పుడు హైదరాబాద్‌లో ఒక జన్యు వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. మన ఒంట్లో డీఎన్ఎమ్‌టీ వన్ అని ఒక ఎంజైమ్ ఉంది. కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏకి కాపీ తయారవుతుంది. పాత దాని మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో వాటిని బట్టి నడుస్తుంది. ఆ గుర్తుల్ని కొత్త కాపీ మీద అవే చోట్ల మళ్ళీ వేయడం ఈ ఎంజైమ్ పని. దాన్ని తయారుచేసే జన్యువులో అన్నకి ఒక్క అక్షరం తేడా ఉంది. ముందు కాళ్ళ నరాలూ చెవులూ, తర్వాత మెదడూ దెబ్బతింటాయి. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ఒక్కో బిడ్డకీ రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశం. నయం చేసే మందు లేదు. కాళ్ళు కాపాడుకోవడం, చెవికి మిషన్ పెట్టుకోవడం, ముందుగా తెలిసుండడం, అంతే.

నేనూ రక్తం ఇచ్చాను. నాకు లేదని వచ్చింది.

"మీ నాన్నగారి రక్తసంబంధీకులకి చెప్పడం మంచిది" అంది డాక్టరు. ఫోన్లో చెబుదామన్నాను. అన్న ఒప్పుకోలేదు. "కాగితం మాట నమ్మరే పద్మా. నన్ను చూస్తే నమ్ముతారు" అన్నాడు.

రాజమండ్రి

దిగగానే మొదట తెలిసింది "అండి". ఎక్కేటప్పుడు ఆటో ఆయన "ఎక్కడికండీ" అన్నాడు, దారిలో "ఏ ఊరండీ", దిగేటప్పుడు "ఉంటానండీ". మా నిజామాబాద్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా అన్నా, అక్కా అని కలుపుకుంటారు. ఇక్కడ సొంత ఆడపడుచుని కూడా అండి అంటారని తర్వాత చూశాను.

బస్టాండు దగ్గర చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. నేను చేయి కడుక్కోవడానికి వెళ్ళొచ్చేసరికి అన్న ముందు నాలుగు అట్లున్నాయి. వడ్డించే ఆవిడ ఏదడిగితే దానికి తల ఊపాడట. వినపడనప్పుడు తల ఊపడం అన్నకి అలవాటు.

"అడిగితే అవునన్నారండి" అంది ఆవిడ, కంగారుగా.

"తప్పు మాదేనండి, ఆయనకి వినపడదు" అన్నాను.

ఆవిడ అన్న ఎదురుగా వచ్చి నిలబడి, నోరు పెద్దగా తెరుస్తూ "అల్లం పచ్చడి వేయమంటారా" అని నిదానంగా అడిగింది. ఈసారి అన్న నిజంగానే అవునన్నాడు. మూడు అట్లు తిన్నాడు. నాలుగోదానికి ఆవిడ డబ్బులు తీసుకోలేదు. బతిమాలినా తీసుకోలేదు.

సాయంత్రం రోజ్‌మిల్క్ తాగి ఘాట్ దగ్గర కూర్చున్నాం. అన్న మెట్లు దిగి మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డాడు. చల్లగా ఉందా అని సైగ చేశాను. అన్న వంగి చేత్తో నీళ్ళు తాకి, అప్పుడు ఉందన్నట్టు తల ఊపాడు.

పెద్దాపురం

చిట్టెమ్మ అత్తయ్య నాన్నకి అక్క. డెబ్బై ఆరేళ్ళు. పెద్దాపురంలో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకు జిరాక్స్ షాపు నడుపుతాడు. మమ్మల్ని చివరిసారి చూసింది నాన్న పోయినప్పుడు. గుమ్మంలోనే అన్న గడ్డం పట్టుకుని, "అచ్చం మా తమ్ముడేరా" అంది. అన్న చెవి మిషన్ చూసి చేయి వెనక్కి తీసుకుంది.

పనసపొట్టు కూర వండింది. ఆవపిండి ఘాటు ముక్కుకి ఎక్కింది. పప్పుచారులో బెల్లం వేశారు. మా ఇంట్లో వేస్తే పిల్లలు తినరు, ఇక్కడ వేయకపోతే తినరట.

భోజనాలయ్యాక రిపోర్టు తీసి విషయమంతా చెప్పాను. ముందు ఆవిడకి మంచి కబురు చెప్పాను. ఇన్నేళ్ళ వయసులో చెవులు, కాళ్ళు ఇంత బాగున్నాయంటే ఆవిడకి ఇది లేనట్టేనని, ఆవిడకి లేకపోతే పిల్లలకీ భయం లేదని డాక్టరు అందని. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక దండం పెట్టుకుంది. తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. నలుగురు తోబుట్టువులు. పెద్దన్నయ్యకి, అంటే మా పెదనాన్నకి, చెవులు పోయాయి, కాలి వేళ్ళు తీసేశారు. రెండో అన్నయ్య చిన్నప్పుడే జ్వరంతో పోయాడు. తర్వాత తను. ఆఖరివాడు మా నాన్న.

"మరి తాతయ్యకో?" అడిగాను.

"మా నాయన నిప్పుల మీద నడిచేవాడమ్మా" అంది అత్తయ్య. "ఊళ్ళో జాతరకి గుండం తొక్కితే అందరూ నాలుగు అంగల్లో దాటేవారు. మా నాయన మధ్యలో ఆగి అమ్మవారికి దండం పెట్టి మరీ నడిచేవాడు. పక్క ఊళ్ళ నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళు."

అన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తయ్యకి అర్థమైంది. కాసేపు రిపోర్టు వైపు చూసి, "అంటే అది అమ్మ మహిమ కాదంటావా?" అని అడిగింది నన్ను.

అన్న ఆవిడ పెదాలు చూస్తూనే ఉన్నాడు. "నిప్పులు నిప్పులే కదా అత్తయ్యా. నడిచింది ఆయనే" అన్నాడు.

ఆవిడ చీర చెంగుతో మూతి తుడుచుకుంది. "ఇంటికొచ్చాక కాళ్ళు బొబ్బలెక్కేవి. మా అమ్మ తలుపేసి వెన్న రాసేది. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. ఇప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు."

మర్నాడు బయల్దేరుతుంటే, సత్తిబాబంటే సత్యనారాయణే కదా, స్వామి పేరు పెట్టుకుని ఇంత దగ్గరకొచ్చి అన్నవరం వెళ్ళకపోతే ఎలా అని పట్టుబట్టింది. సరే అన్నాం.

అన్నవరం

కొండ మీదికి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. పెళ్ళి బట్టల్లో కొత్త జంటలు వ్రతం టికెట్ల కోసం లైన్లో ఉన్నారు. దర్శనం అయింది. ఆకులో కట్టిన ప్రసాదం తీసుకున్నాం. గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి. ఇంటికి తీసుకెళ్దామని నాలుగు పొట్లాలు కొంటే, సాయంత్రానికే రెండు ఖాళీ.

తప్పు నాది. ప్రసాదం లైన్లో ఉండి అన్నని వదిలేశాను. అందరూ నీడలో, పరిచిన పట్టాల మీద గబగబా నడుస్తున్నారు. అన్న ఎండలో బండల మీద నిలబడి కింద పంపానది చూస్తున్నాడు. ఎంతసేపయిందో తెలియదు.

"ఏంటండీ ఆయన, కాళ్ళు కాలట్లేదా?" అని ఒకావిడ అడిగింది నన్ను. అప్పుడు చూశాను.

ఇద్దరం చెరో పక్క పట్టుకుని నీడలోకి తెచ్చాం. రెండు అరికాళ్ళూ ఎర్రగా ఉబ్బాయి, కుడి మడమ దగ్గర బొబ్బ లేచింది. ఆవిడ తన సీసాలో నీళ్ళు ధారగా పోసింది. అయిపోతే పంపు దగ్గరికి వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చింది. ఉప్పాడ నుంచి కూతురూ అల్లుడితో వ్రతానికి వచ్చిందట. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం.

"బోటు ఇంజను తగిలి మావాళ్ళకి కాలుతూనే ఉంటాయండి. నీళ్ళే పోస్తాం, ఇంకేం రాయం" అంది. అన్న మొహంలోకి చూసి, "నొప్పి లేదేంటండీ ఈయనకి" అంది.

"తెలియదండి. నరాల జబ్బు" అన్నాను.

ఆవిడ తన భుజం మీది తువ్వాలు తడిపి కాళ్ళకి చుట్టి, తిరిగి ఇవ్వబోతే వద్దంది. కింద ఒక క్లినిక్‌లో డాక్టరు కట్లు కట్టి, వారం రోజులు నడవొద్దన్నాడు. తిరిగి వెళ్ళిపోదామని అన్నతో అన్నాను.

"ఇంకా మండపేట ఉంది కదా" అన్నాడు. "అసలు పని అక్కడే."

మండపేట

రెండో పంట దాళ్వా వరి కోతలు జోరుగా ఉన్నాయి. రోడ్డు పొడవునా ధాన్యం ట్రాక్టర్లు, మిల్లుల ముందు లారీలు, గాలి నిండా ఊక. పెదనాన్న కొడుకు వీర్రాజు అన్నయ్య అక్కడ ఒక రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీగా చేరి, ఇప్పుడు బాయిలర్ దగ్గర పనిచేస్తున్నాడు. నలభై ఆరేళ్ళు. భార్య నాగమణి వదిన, కూతురు దుర్గ. దుర్గకి ఇరవై, రాజమండ్రిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. సెలవులకి ఇంటికొచ్చింది.

ఆటో దిగుతూ అన్న నా భుజం పట్టుకుని కుంటుతూ నడిచాడు. ఎదురొచ్చిన వీర్రాజు అన్నయ్య కూడా కుంటుతున్నాడు. ఎడమ కాలికి కట్టు. ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు చూసుకుని ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. పదిహేడేళ్ళ తర్వాత కలిశారు. పలకరింపులకి ముందు కట్లే కనబడ్డాయి.

"మిల్లు మోతకి చెవులు పోయాయి తమ్ముడూ, కొంచెం గట్టిగా మాట్లాడాలి" అన్నాడు వీర్రాజు అన్నయ్య.

"నేనే మిల్లులోనూ చేయలేదు అన్నయ్యా. నాకూ పోయాయి" అన్నాడు మా అన్న, చెవి మిషన్ చూపించి.

వదిన టీ తెచ్చింది. అన్ని గ్లాసులూ ఒకటే రకం, ఒకదాని అంచుకి మాత్రం గోళ్ళరంగు చుక్క. వీర్రాజు అన్నయ్య దాన్ని తీసుకున్నాడు. నేను చూడటం గమనించి తలదించుకున్నాడు. పదేళ్ళ క్రితం కాళ్ళు తిమ్మిరెక్కితే, మచ్చలేవీ లేకపోయినా, ఎవరో కుష్టు కావచ్చని మాత్రలిచ్చారట. మాత్రలు అయిపోయాయి, తిమ్మిరి పోలేదు. మాట మిల్లంతా పాకింది. "ఇంట్లో వీళ్ళు అడక్కముందే నేనే గ్లాసు వేరు పెట్టుకున్నానమ్మా. చిన్నపిల్ల ఉంది కదా అని" అన్నాడు, దుర్గ వైపు చూస్తూ.

"కుష్టయినా మందు వేసుకున్నాక ఎవరికీ అంటదన్నయ్యా" అన్నాను. రిపోర్టు తీసి చెప్పడం మొదలుపెట్టాను. ఎంజైమ్ అంటే ఆయనకి అర్థం కాలేదు. దుర్గకి అర్థమైంది. వాళ్ళ నాన్న చెవి దగ్గర నోరు పెట్టి, "కొత్త బస్తా మీద పాత బస్తా మార్కా చూసి వేస్తారు కదా నాన్నా. మన ఒంట్లో ఆ పని చేసేది ఒకటి ఉంటుందంట. దాంట్లో తేడా" అని చెప్పింది. చెవులు, కాళ్ళు దానివల్లేనని, అది తాతయ్య నుంచి మన నాన్నలకి వచ్చి ఉండాలని చెప్పాను.

"అయితే నాది కుష్టు కాదు" అన్నాడాయన.

"నీ రక్తం చూస్తేగాని చెప్పలేం."

"ఇప్పుడే తీయమను. ఉండాలనే కోరుకుంటున్నానమ్మా."

ఆయన మొహం అంత వెలిగిపోతుంటే మిగతాది చెప్పలేకపోయాను. కాగితం మడిచాను. మా అన్న నా వైపు చూశాడు. "మతిమరుపు సంగతి చెప్పవే" అన్నాడు. నేను నోరు తెరవకపోయేసరికి తనే చెప్పాడు.

"ఇది అక్కడితో ఆగదన్నయ్యా. మా నాన్న ఆఖర్న నా పేరు మర్చిపోయాడు. అన్నం తిన్నాడో లేదో మర్చిపోయాడు. నాకూ మొదలైంది. నిన్న అన్నవరంలో ఎందుకు నిలబడ్డానంటే, పద్మని ఎక్కడ వదిలొచ్చానో గుర్తు రాలేదు."

ఆ సంగతి నాకప్పటిదాకా చెప్పలేదు.

వీర్రాజు అన్నయ్య కాలి కట్టు మీద చేయి వేసుకున్నాడు. "మా నాన్న ఇల్లు మర్చిపోయి కాలవ లాకుల దగ్గర దొరికేవాడు. తాగి పడ్డాడనేవారు. నేనూ అదే అనుకుని రెండుసార్లు కొట్టాను" అన్నాడు.

వదిన లోపలికి వెళ్ళి మళ్ళీ టీ పెట్టుకొచ్చింది. రంగు చుక్క గ్లాసు తీసుకురాలేదు. అందరికీ ఒకే రకం గ్లాసులు ఇచ్చి, నా పక్కన కూర్చుంది.

"మీకు ఉందాండీ వదినగారూ?"

"లేదండి."

"అదృష్టవంతులండి" అంది. ఏ భావమూ లేకుండా అంది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సాయంత్రం హైదరాబాద్ డాక్టరు ఫోన్లో గంటసేపు మాట్లాడింది. ఆవిడ ప్రతి మాటా దుర్గే తండ్రికి అందించింది. మర్నాడు పొద్దున మేం బయల్దేరేటప్పుడే ఆవిడ ఇచ్చి పంపిన గొట్టాల్లోకి పక్క వీధి ల్యాబ్ అతను వచ్చి రక్తం తీశాడు. వీర్రాజు అన్నయ్య చేయి చాపి, సూది వైపే చూశాడు. తర్వాత దుర్గ కూర్చుంది. చేతికి పట్టీ బిగించాడు. నరం కనబడింది. అప్పుడు "ఆగండి" అంది దుర్గ.

"ఏంటే?" అంది వాళ్ళమ్మ.

"నాకిప్పుడొద్దమ్మా."

"తెలుసుకుంటే మంచిది కదే. మీ నాన్న ఇచ్చారు కదా."

"నాన్నకి ఒంట్లో బాలేదు, ఇచ్చారు. నేను బాగానే ఉన్నాను."

వదిన నా వైపు తిరిగింది, మీరైనా చెప్పండి అన్నట్టు. నేను చెప్పబోయాను కూడా. మా అన్న కట్టు కట్టిన కాలు స్టూలు మీంచి దించి, "ఆ అమ్మాయి ఒంట్లో రక్తం వదినా. ఆ అమ్మాయి ఇష్టం" అన్నాడు. ల్యాబ్ అతను పట్టీ విప్పేశాడు. వదిన వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

బయల్దేరేటప్పుడు దుర్గ తాపేశ్వరం మడత కాజాల పెట్టె తెచ్చి మా అన్న చేతిలో పెట్టింది. "మళ్ళీ రండి బాబాయ్" అంది. వదిన కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది కానీ నాతో మాట్లాడలేదు.

తిరిగొచ్చాక

అన్న కాళ్ళు మానడానికి నెలన్నర పట్టింది. వీర్రాజు అన్నయ్య రిపోర్టు జూన్‌లో వచ్చింది. ఉంది. ఆయన ఫోన్లో నిబ్బరంగానే మాట్లాడాడు. బాయిలర్ దగ్గర్నుంచి కాటా దగ్గరికి మార్చమని ఓనరుగారిని అడిగాడట, మార్చారు. రోజూ సాయంత్రం వదిన అద్దం పెట్టి అరికాళ్ళు చూస్తోందట. "నీకు రాలేదంటే ఆరోజు అలా అన్నానని ఆవిడ బాధపడుతోందమ్మా, ఏం అనుకోకు" అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను.

జూలైలో ఒక ఆదివారం పొద్దున దుర్గ మా ఇంటి ముందు దిగింది. ఒక్కతే, చేతిలో బ్యాగ్. ఇంట్లో చెప్పే వచ్చిందట.

"వారం ఉంటానత్తా. బాబాయ్‌ని చూస్తూ ఉంటాను. అసలు రోజూ ఎలా ఉంటుందో చూసి, అప్పుడు నిర్ణయించుకుంటాను" అంది.

ఉంది. పొద్దున అన్న చెప్పుల్లో రాళ్ళున్నాయేమో దులిపేది. మిషన్‌కి బ్యాటరీ మార్చడం నేర్చుకుంది. అన్న ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే మొదటిసారి లాగానే జవాబు చెప్పేది. అన్న ఆ పిల్లకి పాత మోటారు విప్పి మళ్ళీ బిగించడం చూపించాడు. అది ఒక్క పొరపాటు లేకుండా బిగించాడు. ఎదురుగా కూర్చున్న పిల్ల ఎవరని మాత్రం నన్ను రెండుసార్లు అడిగాడు. ఆరోరోజు వరండాలోంచి "పద్మా, మంచినీళ్ళు" అని కేకేశాడు. అప్పటికి నేను స్నానాల గదిలో ఉన్నాను. "ఆఁ, తెస్తున్నా" అని దుర్గ జవాబిచ్చి, నీళ్ళిచ్చి, అన్న తాగేదాకా పక్కనే నిలబడింది.

ఆ సాయంత్రం డాక్టరు నంబరు అడిగింది. వెళ్తూ వెళ్తూ హైదరాబాద్‌లో దిగి రక్తం ఇచ్చి వెళ్ళింది. రిపోర్టు ఇంకా రాలేదు. వస్తే ముందు తనకొక్కదానికే చెప్పాలని ఫారం మీద రాసిచ్చిందట. అమ్మానాన్నలకీ చెప్పొద్దంది, నాకూ చెప్పొద్దంది. సరేనన్నాను.